‘అంట’ లేని రాతలు

మా సివిక్స్ మేడం పోయారన్న కబురు ఫోన్‌లో, మా పాత కాలేజీ ఆడపిల్లల గ్రూపులో వచ్చింది. నేను టీచరుగా పనిచేసే బడిలో ఉన్నాను. ప్రార్థన అయిపోయి పిల్లలు తరగతుల్లోకి వెళ్తున్నారు. మేడం పాత ఫోటో ఒకటి, దాని కింద ‘మేడం ఇక లేరు’ అన్న ముక్క. మామూలుగా ఇలాంటి కబురు పడగానే వరసగా దండాల బొమ్మలు పడతాయి. ఆ రోజు చాలాసేపు ఒక్క దండం కూడా పడలేదు. చివరికి గద్వాలలోనే స్థిరపడిన ఒకామె, ‘ఎవరు చెప్పిండ్రు?’ అని రాసింది. ఇంకొకామె ఆ ఫోటో ఎప్పటిదని అడిగింది. మరొకామె, ‘వాళ్ళ చెల్లెలికి ఎవరన్నా ఫోన్ చేసిండ్రా?’ అంది.

బయటివాళ్ళు చూస్తే మావి రాతి గుండెలనుకుంటారు. కానీ అలా అడగడం మాకు నేర్పింది ఆమే. వనపర్తిలో మేడం చెల్లెలి నంబరు నా దగ్గర ఉంది. చేశాను. ఆమె ఎత్తి, తెల్లవారుజామున పోయిందనీ, తాను పక్కనే ఉన్నాననీ చెప్పింది. చెల్లెలు చెప్పింది, నేను విన్నాను అని గ్రూపులో రాశాను. అప్పుడు ఒక్కొక్కరే ఫోన్లు చేసి ఏడవడం మొదలుపెట్టారు.

మీలో చాలామందికి ఆమె తెలియదు. పేపర్లో ఫోటో పడేంత పెద్దమనిషి కాదు. ఆమెది గోపాల్‌పేట దగ్గర ఒక పల్లె. ఉద్యోగం గద్వాలలో, ఒక జూనియర్ కాలేజీలో. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగేంత చనువు మాలో ఎవరికీ లేదు. కోట దగ్గరి సందులో మేడమీద గది అద్దెకు తీసుకుని ఉండేవారు.

క్లాసులో ఆమె కుర్చీలో కూర్చోగా నేను చూడలేదు. కుర్చీ మీద సంచి పెట్టి, తాను బెంచీల మధ్య తిరిగేవారు. చెప్తూ చెప్తూ ఆగి, చెప్పింది తనకే నచ్చనట్టు తల అడ్డంగా ఊపి, మళ్ళీ మొదటినుంచి చెప్పేవారు. నోట్సు రాసుకునేవాళ్ళకు అదొక పరేషాన్. ఏది చివరి మాటో తెలిసేది కాదు. కాగితం ముక్క కనపడితే వదిలేవారు కాదు. మిర్చి బజ్జీలు తిని మేము చేతులు తుడుచుకుని పారేసే పేపర్ను, నూనె మరకల మధ్య నుంచి చదివేవారు. చదివి, దీని మొదలు ఎవరి బజ్జీల కింద పోయిందో అని నొచ్చుకునేవారు. సగం వార్త తెలిసి ఊరుకోవడం ఆమె ఒంటికి పడేది కాదు.

మేమంతా పల్లెల నుంచి వచ్చిన పిల్లలం. మా ప్రతి మాట చివరా ‘అంట’ ఉండేది. రేపు సెలవంట. ఫలానా పిల్ల చదువు మానేసిందంట. ఈసారి పేపరు కష్టంగా ఇస్తరంట. అది వినపడగానే ఆమె నడుస్తున్నదల్లా ఆగి, "ఎవరంట?" అని అడిగేవారు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు. కొన్నాళ్ళకు ఆ మాట వాడటమే తప్పేమో అనుకుని, ఆమె ముందు దాన్ని మింగేసి మాట్లాడటం మొదలుపెట్టాం. రేపు సెలవు, అంతే. దానికి ఆమె ఇంకా నొచ్చుకున్నారు.

"అంట మంచి మాట బిడ్డా. నాకు తెల్వదు, ఇంకొకరు చెప్తే విన్న అని ఒప్పుకునే మాట అది. దాన్నెందుకు తీసేస్తరు? ఎవరంట అని అడిగితే పేరు చెప్పుండ్రి, గంతే" అన్నారు.

నేను ఇంటర్‌లో చేరింది రెండువేల ఎనిమిదిలో. నిజానికి మా ఊరికి కర్నూలే దగ్గర. అలంపూర్ దాటాక తుంగభద్ర ఒడ్డున ఉంటాం. అటు ఒడ్డున చదివితే రేపు ఉద్యోగాల్లో లోకల్ కాకుండా పోతానని మా నాయన నన్ను గద్వాల హాస్టల్‌లో చేర్చాడు. మా ఊరి ఈశ్వరి కూడా నాతోపాటే వచ్చింది. చురుకైన పిల్ల. నేను ఒకటికి రెండుసార్లు చదివేది అది ఒక్కసారి చూసి చెప్పేది.

ఆ ఏడే మా హాస్టల్ సందు చివర నెట్ సెంటర్ పెట్టారు. ప్లైవుడ్ అరలు, ప్రతి అరకూ ఒక పరదా. ఆడపిల్లలు అటు పోతే ఊరి నోట్లో పడే రోజులు. ఒక సాయంత్రం మేడం మమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్ళి, పిల్లలు చదువుకోవాలి, పరదాలు తీసేయమని సెంటర్ నడిపే అతన్ని అడిగారు. తీస్తే గిరాకీ పోతుందని అతను చాలాసేపు వాదించాడు. చివరికి ఒక వరసకు మాత్రం తీశాడు. అప్పటినుంచి ఆ వరస మాదయింది.

ఈశ్వరి మొట్టమొదట మా ఊరి పేరు కొట్టి చూసింది. ఏమీ రాలేదు. చాలా అవమానపడింది. అలంపూర్ అని కొడితే గుళ్ళ ఫోటోలు వచ్చాయి, అప్పుడు కొంచెం శాంతించింది. ఆ తర్వాత మా చదువే మారిపోయింది. అంతకుముందు ఒక ప్రశ్నకు జవాబు కావాలంటే లైబ్రరీలో ఎవరో పట్టుకెళ్ళిన పుస్తకం తిరిగొచ్చేదాకా ఆగాలి, లేకపోతే సీనియర్ల దగ్గర బతిమాలుకోవాలి. ఆ ఆగడంలో ఆ ప్రశ్న గురించి ఎంతో కొంత మాట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడు రెండు మాటలు కొట్టి ప్రింటు తీసుకుంటే చాలు. పరీక్షల ఫలితాలు అక్కడే, పాత ప్రశ్నపత్రాలు అక్కడే. జవాబు చేతికి వచ్చేది. ప్రశ్న ఏమిటో మాత్రం గుర్తుండేది కాదు.

ఆ రోజుల్లోనే మేడం, మీ ఊరి పంచాయతీ ఏమేం పనులు చేస్తుందో రాసుకుని రమ్మన్నారు. సగం క్లాసు ఒకే ప్రింటును ఇంగ్లీషులో ఎత్తి రాసుకొచ్చింది. మేడం తిట్టలేదు. ఒక కాగితం తీసుకుని, ఒక్కో వాక్యం తెలుగులో చెప్తూ నడిచారు. ఒకచోట ఆగి, ఆ కాగితం రాసిన పిల్లను లేపారు. నీళ్ళ ట్యాంకర్ కోసం ఎదురుచూసే మెట్ట ఊరు ఆ పిల్లది.

"మీ పంచాయతీకి పడవల రేవు మీద పన్ను వస్తదని రాసినవు. మీ ఊర్ల రేవు ఏడుంది బిడ్డా?"

క్లాసంతా విరగబడి నవ్వింది. మేడం నవ్వలేదు. అసలు ప్రింటు అడిగి తీసుకుని, ఆ పేజీ ఎక్కడో సముద్రం ఒడ్డు ఊరి గురించి ఎవరో రాసుకున్నదని, ఆ సంగతి పేజీ అడుగున ఉందని చూపించారు. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎవరికోసం రాశారు, ముందు అది వెతుక్కోమన్నారు. తర్వాత ఆ కాగితాన్ని మడుస్తూ, "ఊర్ల మనిషి పుకారు చెప్పినా అంట అని చెప్తడు. దీంట్ల యాడా అంట లేదు. అన్నీ ఉంది, అయింది అనే రాసుంటది. గదే నాకు భయం" అన్నారు.

ఆ చదవడం మాకు ఆటలా పట్టుబడింది. అందరికంటే ఈశ్వరికి. ప్రింటు చేతికి రాగానే కింద చూసేది, తేదీ చూసేది, ఫోటోలో ఏదో ఒక లోటు పట్టుకునేది. ఫలానా మెసేజ్ పదిమందికి పంపకపోతే కీడు జరుగుతుందని హాస్టల్లో పిల్లలు ఏడుస్తుంటే, దాన్ని పంపించిన మొదటి మనిషి పేరు చెప్పమని నోళ్ళు మూయించింది. సెలవులకు ఊరికి పోతే మా ఇద్దరికీ నిలువెల్లా పొగరే. అవ్వ ఏదన్నా చెప్తే ఎవరంట, పూజారి చెప్తే ఎవరంట, బస్సు లేటని కండక్టరు చెప్పినా ఎవరంట. ఈశ్వరి తాతకు మాత్రం ఆ పొగరు ముద్దుగా ఉండేది. తనకు అక్షరం రాదు. ఊళ్ళోకి ఏ కాగితం వచ్చినా, ముందు మా ఈశ్వరి చూడాలి అనేవాడు.

రెండువేల తొమ్మిది దసరా. పండుగకు ఇంటికి వచ్చాం. పండుగ అవుతూనే వాన పట్టుకుంది. మా వైపు అంత వాన ఎవరూ ఎరగరు. బస్సులు ఆగిపోయాయి, కరెంటు పోయింది. ఒక ఉదయం అలంపూర్ నుంచి తడిసి వచ్చిన ఒకతను చొక్కా లోపలి నుంచి ఒక ప్రింటు తీశాడు. బద్దలైన ఆనకట్ట ఫోటో, ఎగిసిపడుతున్న నీళ్ళు, కింద ‘తుంగభద్ర డ్యాం తెగింది, ఊళ్ళు ఖాళీ చేయండి’ అని. ఊరు గుభేలుమంది. ఆడవాళ్ళు బియ్యం మూటలు కట్టడం మొదలుపెట్టారు. కాగితం చేతులు మారి మారి ఈశ్వరి దగ్గరకు వచ్చింది.

ఈశ్వరి దాన్ని వెలుతురు వైపు పట్టుకుని చూసింది. ఫోటోలో డ్యాం వెనక కొండల మీద తెల్లగా మంచు ఉంది. ఆ మంచు అందరికీ వేలు పెట్టి చూపించింది. "డ్యాం ఉన్న హోస్పేట కాడ మంచు కొండలు ఏడున్నయి? ఇది వేరే దేశం ఫోటో. పేరు లేదు, తేదీ లేదు. అబద్ధం" అంది. చూసినవాళ్ళంతా ఊపిరి పీల్చుకున్నారు. మూటలు విప్పారు. తాత తన మంచం మీద కాలు మీద కాలు వేసుకుని, ఇక ఎవరూ కదలొద్దన్నాడు.

బడి మిద్దె మీద సిగ్నల్ దొరికేది. మా నాయన ఫోన్ పట్టుకుని పోయి మేడంకు చేశాను. ఈశ్వరి మంచును ఎట్లా పట్టుకుందో చెప్పాను. మెచ్చుకుంటారనుకున్నాను.

"ఫోటో అబద్ధం. మంచిగ పట్టిండ్రు. మరి ఏరెట్లుంది?"

"చూడలేదు మేడం."

"ఊరి పక్కన ఏరు పెట్టుకుని కాగితం చూసుకుంట కూసున్నరా? ముందు పోయి చూసి రా. నేను కనుక్కుంట."

పరుగెత్తాను. బట్టలుతికే బండలు లేవు. మోటర్ల షెడ్డు లేదు, దాని రేకు ఒక్కటే కనిపిస్తోంది. నీళ్ళు ఎర్రగా, చప్పుడు లేకుండా, చాలా వేగంగా పోతున్నాయి. చెట్లు వేళ్ళతో సహా కొట్టుకుపోతున్నాయి. నేను మళ్ళీ మిద్దె ఎక్కేసరికి ఫోన్ మోగుతోంది. మేడం దగ్గర వెనకెప్పుడో చదువుకున్న ఒకామెను ఏటికి ఎగువన, రాయచూరు వైపు ఒక ఊరికి ఇచ్చారట. ఆమెకు ఫోన్ చేస్తే ఇంటిపైకి ఎక్కి నిలబడి మాట్లాడిందనీ, కింద వంటింట్లో నీళ్ళున్నాయనీ మేడం చెప్పారు. ఆమె మాటల వెనక కన్నడంలో కేకలు కూడా వినిపించాయన్నారు.

"డ్యాం తెగిందో లేదో నాకు తెల్వదు. నీళ్ళైతే వస్తున్నయి. మిట్ట మీదికి పోండ్రి. ఎవరంట అని అడిగితే నా పేరు చెప్పు."

ఊరు నమ్మడానికి సమయం పట్టింది. పొద్దున అబద్ధమని మేమే చెప్పాం, ఇప్పుడు నిజమని మేమే చెప్తున్నాం. ఏటి దగ్గరకు పోయి చూసొచ్చినవాళ్ళు ముందు కదిలారు. పశువులను విప్పారు. మిట్ట మీద పత్తి విత్తనాల గోదాము ఉంది. సాయంత్రానికి ఊరు చాలావరకు అక్కడికి చేరింది. ఈశ్వరి తాత మాత్రం మంచం దిగలేదు. మా నాయన బతిమాలాడు. తాత ఒక్కటే మాట, "మా పిల్ల సదువుకున్నది. అబద్ధమని అదే చెప్పె. నేను రాను."

వాకిట్లోకి నీళ్ళు వస్తున్నాయి. ఈశ్వరి వచ్చి తాత మోకాళ్ళు పట్టుకుని కూర్చుని, "నేను చెప్పింది తప్పు తాతా. ఫోటోనే అబద్ధం. నీళ్ళు నిజం. నేను నీళ్ళు చూడలే" అంది.

తాత దాని ముఖం చూశాడు. మా నాయన, చిన్నాయన అతన్ని మంచంతో సహా ఎత్తారు. నడుం లోతు నీళ్ళలో మిట్ట ఎక్కారు. చీకటి పడేలోపు మా వీధి మునిగింది. మనుషులందరూ మిగిలారు. ఈశ్వరి వాళ్ళ ఇల్లు కూలింది, కట్టు విప్పడం మరిచిపోయిన బర్రె పోయింది. మా ఇంట్లో ఒక గోడ నిలిచింది.

గోదాములో ఈశ్వరి, కాలేజీకి ఇక రానని నాతో చెప్పింది. తాత దాన్ని తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఊరికి వచ్చే కాగితాలు చూడమని పక్కింటి అబ్బాయిని పిలవడం మొదలుపెట్టాడు.

దారి తెరుచుకోగానే మేడం వచ్చారు. కొంత బస్సు, కొంత ట్రాక్టర్, మిగతాది నడక. చీర మోకాళ్ళదాకా బురద. నేరుగా ఈశ్వరి దగ్గరకు వెళ్ళి నేల మీద కూర్చున్నారు. ఆమె కూర్చోవడం నేను చూసింది అప్పుడే. ఓదారుస్తారనుకున్నాను. నీ తప్పేం లేదని అంటారనుకున్నాను.

"నేను మీకు సగమే చెప్పిన" అన్నారు. "అడుగుడు నేర్పిన. అడిగినంక లేచిపోయి కనుక్కోవాలని గట్టిగ చెప్పలే. మంచిగ అనుమానం పడితే సంతోషపడ్డ. ఆ తప్పు నాది, నీది కాదు."

తర్వాత తాత వైపు తిరిగారు. "మీ పిల్ల తప్పు చెప్పింది, నిజమే. తప్పు చెప్పిన అని మీ కాళ్ళ కాడ కూసోని చెప్పింది కూడ ఆమెనే. అట్ల చెప్పేటోళ్ళను నేను ఎక్కువ చూడలే పెద్దాయనా."

కొన్నాళ్ళకు ఎవరో పులిహోర పొట్లాలు పంచారు. తాత తన పొట్లం విప్పి తిని, చుట్టిన పేపర్‌ను దులిపి ఈశ్వరి వైపు చాపాడు. ఏమన్నా మన ఊరి సంగతి ఉందేమో చూడమన్నాడు. ఈశ్వరి దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పి, ఇది వరద కంటే ముందటి పేపర్ అంది. అంది కానీ, మొత్తం చదివి వినిపించింది. ఆ వారంలోనే నాతోపాటు గద్వాలకు తిరిగొచ్చింది. ఇప్పుడు వనపర్తి వైపు ఒక ఊరికి పంచాయతీ కార్యదర్శి.

మేడం మాత్రం ఆ వరదను దాటలేదనే నాకనిపిస్తుంది. అప్పటినుంచి క్లాసులో ఎవరన్నా అబద్ధం పట్టుకుంటే సంతోషించడం మానేశారు. సరే, మరి నిజమేంది, ఎవరికి ఫోన్ చేసినవు, ఏడికి పోయి చూసినవు అని వెంటపడేవారు. పిల్లలకు విసుగొచ్చేది. తోటి లెక్చరర్లు సిలబస్ వెనకబడుతోందనేవారు. ఆమె తిరుగుడు ఇంకా ఎక్కువైంది.

పోయిన ఏడు నేను మా బడి ఉన్న బల్మూర్ నుంచి వనపర్తికి వెళ్ళి ఆమెను చూశాను. దవాఖాన నుంచి వచ్చి చెల్లెలి ఇంట్లో మంచం మీద ఉన్నారు. చేతిలో ఫోన్. ఎవరో పంపిన ఆకు వైద్యం మెసేజ్ పట్టుకుని, అది పంపిన బంధువుకే ఫోన్ చేసి, నీకెవరు పంపారు, వాళ్ళకెవరు పంపారు అని అడుగుతున్నారు. నా బడి పిల్లల గురించి అడిగారు. వాళ్ళు ఇప్పుడు దేన్నీ నమ్మరని కొంచెం గర్వంగానే చెప్పాను. ఏది చూపించినా ఫేక్ మేడం అంటారని, చంద్రుడి మీద దిగారని పాఠం చెప్పినా అదే అంటారని చెప్పాను.

ఆమె ముఖం మారిపోయింది. లేవబోయారు. చెల్లెలు వచ్చి భుజం పట్టుకుంది.

"గది చదువుడు కాదు బిడ్డా. నమ్ముడెంత సులువో నమ్మకపోవుడు గంతే సులువు. రెండిటికీ కూసున్న జాగల నుంచి లేవాల్సిన పని లేదు."

ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. పిల్లల ముందు నిలబడినప్పుడల్లా, నేనూ సగమే చెప్తున్నానేమో అనిపిస్తుంది. మిగతా సగం ఎట్లా చెప్పాలో ఆమెను అడగాలనుకున్నాను, మళ్ళీ వెళ్ళలేకపోయాను. వనపర్తికి చివరిసారి పోయింది ఆమెను సాగనంపడానికే. ఈశ్వరి నా పక్కనే నిలబడింది.

తిరుగు బస్సులో నాకు గుర్తొచ్చింది మేడం మా ఊరికి వచ్చిన ఆ రోజు. ఈశ్వరితో మాట్లాడాక, నీళ్ళు దిగిన ఊరు చూస్తానన్నారు. బురదలో జారతారని మా అమ్మ వద్దంది. వినలేదు. చెప్పులు ఊడదీసి చేతిలో పట్టుకుని వీధిలోకి దిగారు. నిలిచిన గోడల మీద నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో మట్టి గీత కనిపిస్తోంది. ఒక్కో గోడ దగ్గర ఆగి ఆ గీత మీద అరచెయ్యి ఆనించేవారు. ఇంటివాళ్ళను పిలిచి, ఇంతెత్తు ఎప్పుడొచ్చాయి, మీరు చూశారా, అప్పుడు ఎక్కడున్నారు అని అడిగేవారు. వాళ్ళు చెప్పిందంతా విని తర్వాతి గోడకు నడిచేవారు. ఏటి వైపు దిగే కొద్దీ గీత పైకి పోతోంది. మొదట నడుము దగ్గర, తర్వాత భుజం దగ్గర, తర్వాత తల మీద. మా ఇంటి గోడ దగ్గరకు వచ్చేసరికి అది ఆమెకు అందనంత ఎత్తులో ఉంది. చెప్పులు నాకిచ్చి, మునివేళ్ళ మీద లేచి, చెయ్యి పైకి చాపారు. గాజులు మోచేతి దాకా జారాయి. వేళ్ళు గీతకు ఇంకా జానెడు కిందే ఉన్నాయి. ఆమె అట్లాగే చాపుతూ ఉన్నారు.